వసుంధర మేడమ్ చెప్పిన ఎనిమిది పేజీలు

దయ్యాల మాటెత్తితే నవ్వేసే మనిషిని నేను. ఇప్పటికీ ఇది దయ్యమని అనను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

సికింద్రాబాద్‌లో, బొల్లారం వైపు ఒక ఎంబీఏ కాలేజీలో పాఠాలు చెబుతాను. మా దగ్గర ఎవరి నోట్సు వాళ్ల బీరువాలోనే ఉండేది. ఒకరు మానేస్తే అన్నేళ్ల అనుభవమూ వాళ్లతోపాటే గేటు దాటిపోయేది. అందుకని సీనియర్ల చేత మాట్లాడించి, రికార్డు చేసి, అందరికీ అందేలా కంప్యూటర్లో పెట్టే పని ప్రిన్సిపాల్ నాకు అప్పగించారు.

అందరూ ఒప్పుకున్నారు, వసుంధర మేడమ్ తప్ప. ఫ్యాక్టరీ పనితీరు గురించి చెప్పడంలో ఆవిడకు సాటి లేరు. వచ్చే నెల రిటైర్మెంటు. "నా తల్కాయల ఉన్నదంతా నీ కంప్యూటర్ల వడ్తదా?" అని రెండుసార్లు పంపించేశారు.

మూడోసారి, ఒక మంగళవారం మధ్యాహ్నం రెండింటికి వెళ్లాను. గది తలుపు తెరిచి ఉంది. మేడమ్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

"రా బాబూ, రాస్కో. జల్ది రాస్కో" అన్నారు.

ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి బల్ల మీద ఉంచాను. నేను అడుగుతుంటే గంటసేపు చెప్పారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు పనివాళ్ల దగ్గర తాను నేర్చుకున్నవి, పిల్లలు ఎక్కడ తడబడతారో, అన్నీ. "తప్పు చేసినోణ్ణి నువ్వు దిద్దకు. పక్కోడికి చెప్పమను. చెప్పుకుంట చెప్పుకుంట వాడే దిద్దుకుంటడు." నేను రాసుకున్నవి ఎనిమిది పేజీలు నిండాయి. ఆ గంటలో ఆవిడ ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు.

ఫోనూ కాగితాలూ తీసుకుని స్టాఫ్ రూముకు వచ్చేసరికి అందరూ నిలబడి ఉన్నారు. వసుంధర మేడమ్ ఆ ఉదయం పదకొండింటికి కాప్రాలో, వాళ్లింట్లోనే గుండెపోటుతో పోయారట.

నేను వెనక్కి పరుగెత్తాను. గదికి తాళం ఉంది. పిలిస్తే అటెండర్ మల్లేశం వచ్చాడు. పాతికేళ్లుగా ఉన్న మనిషి.

"నిన్న మేడం ఇంటికి వోయినంక తియ్యనే లేదు సార్. చాబీ నా జేబులనే ఉన్నది" అంటూ తీశాడు.

బల్ల మీద నా పెన్ను ఉంది. నా పేరు చెక్కిన పెన్ను. దాన్ని చూసి మల్లేశం గుమ్మం దాటి లోపలికి రాలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రికార్డింగ్ విన్నాను. నా ప్రశ్నలు ఉన్నాయి. ప్రతి ప్రశ్న తర్వాతా నిశ్శబ్దం, కాగితం మీద పెన్ను కదిలే చప్పుడు. మేడమ్ గొంతు ఎక్కడా లేదు.

ఆఖర్న మళ్లీ నా గొంతు. "సరే మేడమ్. మిగతాది అక్కడికొచ్చి వింటాను."

మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ మాట నేను అనలేదు. ఎంత గుర్తుచేసుకున్నా అనలేదు.

ఆ ఎనిమిది పేజీలూ ఇప్పుడు మా కాలేజీలో అందరూ వాడుతున్నారు. మేడమ్ పాత విద్యార్థిని ఒకామె చదివి, అచ్చం ఆవిడ మాటలేనని ఏడ్చింది. రికార్డింగ్ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. చెరిపేసే ధైర్యమూ లేదు.

ఏడాది దాటింది. మిగతాదంటే ఏమిటో, అక్కడికంటే ఎక్కడికో నాకు తెలియదు. ఒప్పుకున్న గొంతు మాత్రం నాదే.