పన్ను తియ్యడానికి పై అనుమతి

ఆ పళ్ళ డాక్టరుగారికి ఉన్న అలవాటు ఒక్కటే. దేవుణ్ణి అడక్కుండా ఎవరి పన్నూ పీకేవారు కాదు.

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు గాని, ఆ సామెత ఆయన గదిలో చెల్లదు. రాయి సిద్ధంగానే ఉంటుంది, పన్నూ సిద్ధంగానే ఉంటుంది, పైనుంచి కబురే రావాలి. పేషెంటు కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరుస్తాడు. డాక్టరుగారు బుల్లి అద్దంతో పన్ను చూస్తారు, ఎక్స్‌రే వెలుగుకెత్తి చూస్తారు, చేతి తొడుగులు విప్పేస్తారు. "ఒక్క నిమిషం ఆగండి, ప్రభువు చిత్తం అడుగుతాను" అని కుర్చీ వీపు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంటారు.

ఆ ఒక్క నిమిషం ఒక్కోసారి మూడు, ఒక్కోసారి పదిహేను. పూర్వం మత్తు సూది పొడిచాక అడిగేవారు. జవాబు వచ్చేలోగా ఒకాయనకి మత్తు కాస్తా దిగిపోయింది. ఆయన పెట్టిన కేక బజారు చివరి దాకా వినిపించిందట. అప్పట్నుంచీ ప్రార్థన ముందు, సూది తర్వాత. ఊరంతా ఆయన్ని 'ఆగండి డాక్టరు' అనేది.

ఈ ఆగడమంతా భరించేది ఆయన మేనకోడలు. నాలుగేళ్ళుగా అక్కడ నర్సు, గుమస్తా, బయట బెంచీ మీద విసుక్కునే వాళ్ళకి సర్దిచెప్పే లాయరు, అన్నీ తనే. అపాయింట్‌మెంట్ల పుస్తకంలో కొన్ని పేర్ల పక్కన 'చిత్తం ఇంకా తెలియలేదు' అని ఎర్రసిరాతో రాసేది.

ఇప్పుడామె సంచిలో ఒక ఉత్తరం ఉంది. దూరాన ఒక పెద్ద దంత వైద్యశాల ఆమెను పనిలోకి రమ్మంది. పన్నెండు కుర్చీలు, పైగా పై చదువు వాళ్ళే చదివిస్తారు. శుక్రవారంలోగా ఏ మాటైనా చెప్పాలి. ఉత్తరం వచ్చి పది రోజులైనా మావయ్యకి చెప్పలేదు. చెప్తే అడుగుతాడు. అడిగితే 'వద్దు' అని వస్తే? నవ్వి అవతల పారెయ్యగల జవాబులైతే బెంగ లేదు. చిక్కల్లా ఒకటే: నాలుగేళ్ళలో ఆ జవాబు తప్పగా ఆమె చూడలేదు.

ఉదాహరణకి పోలీసు ఇన్‌స్పెక్టరు. బుగ్గ బూరెలా వాచి వచ్చాడు. డాక్టరుగారు కళ్ళు మూసుకున్నారు.

"ఏంటండీ, నిద్రొస్తోందా?"

"అడుగుతున్నాను."

"ఎవర్ని?"

డాక్టరుగారు కళ్ళు తెరవకుండానే వేలు పైకి చూపించారు. ఇన్‌స్పెక్టరు కప్పు కేసి అనుమానంగా చూశాడు. "పైన ఎవరుంటారమ్మా?"

"టైలరు ఉంటాడండీ. కానీ ఆయన్ని కాదు," అంది మేనకోడలు.

నాలుగు నిమిషాలయ్యాయి. ఐదయ్యాయి. ఎంతటి గజదొంగ చేతనైనా నిజం కక్కించే మనిషి, ఆరో నిమిషంలో తనే కక్కేశాడు. "డాక్టరుగారూ, బయటికి పొక్కనివ్వకండి. నాకు సూదంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు నలుగురు కదలకుండా పట్టుకుని పొడిచారు..."

"అదిగో, వచ్చింది!" అని డాక్టరుగారు కళ్ళు తెరిచారు. వాపు తగ్గడానికి మందు బిళ్ళలిచ్చారు. రోజూ వచ్చి కాసేపు ఊరికే ఆ కుర్చీలో కూర్చుని వెళ్ళమన్నారు. నాలుగోరోజు ఇన్‌స్పెక్టరే "ఇంక కానివ్వండి" అన్నాడు. పన్ను ఊడిన సంగతి ఆయనకి ఇంటికెళ్ళాక గాని తెలియలేదు.

ఆ తర్వాత రిటైరైన లైబ్రేరియనమ్మగారు. జీవితమంతా అందర్నీ "ష్!" అని గదమాయించిన మనిషి. ఇరవై నాలుగు పళ్ళూ రాళ్ళలా ఉన్నాయి. అన్నీ పీకి కట్టుడు పళ్ళు పెట్టమంటుంది. డాక్టరుగారు నాలుగుసార్లు అడిగి, నాలుగుసార్లూ "అనుమతి రాలేదమ్మా" అన్నారు.

"ఎక్స్‌రే చూసి 'అక్కర్లేదు' అంటే సరిపోయేదానికి అంత దూరం కబురెందుకు?" అన్నాడు పక్కనున్న మందుల షాపాయన.

ఐదోసారి ఆ నిశ్శబ్దంలో ఆవిడ గొంతు చిన్నగా వినిపించింది. "పళ్ళన్నీ ఒక్కసారే పీకెయ్యకండి డాక్టరుగారూ. వారానికొకటి చొప్పున పీకండి. నోరు తెరవమని అడిగే మనిషి మా ఇంట్లో ఒక్కరూ లేరు."

మేనకోడలి చేతిలో దూది చేతిలోనే ఉండిపోయింది. బయట ఆటోల మోత కూడా దూరంగా జరిగిపోయినట్టనిపించింది. డాక్టరుగారు కళ్ళు తెరిచి, "మీ పళ్ళు వారం వారం పరీక్ష చెయ్యాలమ్మా. బుధవారం పదకొండింటికి రండి" అన్నారు. ఆ బుధవారాల్లో ఆయన రెండు నిమిషాలు చూసేవారు, ఆవిడ నలభై నిమిషాలు మాట్లాడేది. ఒక్క పన్నూ కదల్లేదు.

గురువారం మధ్యాహ్నం, బెంచీ ఖాళీ అయిన వేళ, మేనకోడలు ఇంక ఉండబట్టలేక అడిగేసింది.

"మావయ్యా, అసలు ఆయన్ని ఏమని అడుగుతావు? పన్ను పీకనా వద్దా అనేనా?"

"అది ఎక్స్‌రే చెప్తుంది కదే! దానికాయన్ని ఇబ్బంది పెట్టడమెందుకు?"

"మరి?"

ఆయన పటకారు తుడిచి పక్కన పెట్టారు. "నేను ఒట్టి తొందరమనిషిని అమ్మలూ. కుర్చీలో మనిషిని చూస్తే ముందు పన్నే కనబడుతుంది. నా తొందర తీసెయ్యి ప్రభువా, ఈ మనిషిని చూడనియ్యి అని అడుగుతా. అది పోయేదాకా చెయ్యి వెయ్యను. అది పోయాక అవతలి మనిషి మాట వినబడుతుంది. ఆయన జవాబు చాలాసార్లు ఆ మాటలోనే ఉంటుంది."

నాలుగేళ్ళుగా తను ఎర్రసిరాతో రాసిందేమిటో ఆమెకి అప్పుడర్థమైంది. సంచిలోంచి ఉత్తరం తీసి ఆయన చేతికిచ్చి, దగ్గరున్న పేషెంటు కుర్చీలోనే కూలబడింది.

ఆయన చదివారు. మడిచారు. "ఒక్క నిమిషం ఆగు" అని కుర్చీ వీపు మీద చెయ్యి వేశారు.

పది నిమిషాలు. పదిహేను. మామూలు హద్దు దాటిపోయింది. ఆమె మనసులో మాట దానంతటదే బయటికొచ్చింది. "వెళ్ళాలనే ఉంది మావయ్యా. కానీ భయంగా ఉంది. నేను లేకపోతే బెంచీ మీద వాళ్ళకి ఎవరు సర్దిచెప్తారు? నీ కళ్ళజోడు ఎక్కడుందో నీకెవరు చెప్తారు?"

అయినా ఆయన కళ్ళు తెరవలేదు. నుదుటి మీద చెమట పట్టింది. ఎవరి పన్నుకీ ఇంత పెనుగులాట ఆమె చూడలేదు. గడియారంలో ఇరవై ఐదు నిమిషాలు తిరిగాక, గట్టిగా ఊపిరి వదిలి కళ్ళు తెరిచారు.

"వెళ్ళు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు."

"ఆ ఒక్క మాట చెప్పడానికి దేవుడికి ఇంతసేపు పట్టిందా మావయ్యా?"

"ఆయన మొదటి నిమిషంలోనే చెప్పేశాడు," అన్నారు డాక్టరుగారు, కళ్ళజోడు కోసం జేబులు తడుముకుంటూ. "మిగతా ఇరవై నాలుగూ నేను బేరమాడాను."

ఆమె ముక్కు తుడుచుకుంటూ నవ్వేసింది. "ఏమైనా తగ్గాడా?"

"ఏం తగ్గుతాడు, మహా గట్టివాడు! నెలకో ఆదివారం మధ్యాహ్నం భోజనానికి మాత్రం నిన్ను నాకొదిలేశాడు. ఆలస్యం చెయ్యకుండా రా. నాకు అసలే తొందరెక్కువ."