పెద్దమ్మ చూపుకు పరీక్ష

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. పెద్ద పెద్ద ఆఫీసులే డేరాల్లో నడుస్తుంటే, విషాలు పరీక్ష చేసే మా ల్యాబుకు రేకుల షెడ్డు దొరకడమే గొప్ప. పశువులను చంపే విషాల మీద పరిశోధన నా పని. రాచర్ల దగ్గరి ఒక పల్లెలో పదకొండు గొర్రెలు ఒక్క పూటలో పడిపోయాయని కబురొస్తే, గాజు గొట్టాల పెట్టె పట్టుకుని గిద్దలూరులో రైలు దిగి, ఎద్దులబండిలో ఊగుతూ పోయాను. నేను పోతే నిజం తేలిపోతుందని నా నమ్మకం. ఆ వయసులో ఆ మాత్రం పొగరు ఉండదా!

ఊళ్లో నిజం అప్పటికే తేలిపోయింది. గొర్రెల ఆసామి పక్కింట్లో ఒక పెద్దమ్మ ఒంటరిగా ఉంటుంది. ముందురోజు ఆ గొర్రెలు తన బీరతీగ మేసినందుకు, "నీ జీవాలు పాడుగాను!" అని తిట్టిందట. మర్నాడే అవి పడ్డాయి. గొర్రెలు తాగే తొట్టి నీళ్లలో ఆమే మందు కలిపిందని ఆసామి గోల. పొద్దుగూకేలోగా ఆమెను ఊరు దాటించాలని పెద్దమనుషులు అనుకుని, నా పరీక్ష కోసం ఆగారు.

నేను వచ్చే దారిలోనే బండివాడు ఆసామి చేను చూపించాడు. కోసిన జొన్న మొదళ్లకు పిలకలొచ్చి, వాన లేక వాడిపోయి ఉన్నాయి. వాటి మధ్య గొర్రెల పెంటికలు. అలాంటి పిలకల్లో విషం పుడుతుంది. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. ఆసామి మాత్రం తన జీవాలు ఆ చేలో అడుగే పెట్టలేదని ఒట్టేశాడు. నేను అప్పటికే గుప్పెడు పిలకలు తుంచి జేబులో వేసుకున్నాను.

మా పరీక్ష చాలా తేలిక. చచ్చిన గొర్రె కడుపులోని మేతను గొట్టంలో వేసి, మందులో నానబెట్టిన పసుపురంగు కాగితం దానిపైన వేలాడదీసి బిరడా పెట్టాలి. విషముంటే కాగితం ఎర్రబడుతుంది. ఎర్రబడింది.

"విషం!" అన్నాను గర్వంగా.

"విషమేంది సారూ? పసుపు ఎర్రగయితే దిష్టి," అన్నాడొక తాత. "పసుపులో సున్నం కలిపి మేం తీయడంలా?"

జనమంతా పెద్దమ్మ వైపు తిరిగారు. నేను గబగబా ఆ తొట్టి నీళ్లు పరీక్ష చేశాను. కాగితం పసుపుగానే ఉంది.

"చేతిలో లేదప్పా, కంట్లో ఉంది," అన్నాడు ఆసామి.

నాకొచ్చిన రసాయనశాస్త్రమంతా వల్లించాను. తాత శ్రద్ధగా విని, "అదే నేను జెప్పేది," అన్నాడు.

అప్పుడు పెద్దమ్మే ముందుకొచ్చింది. "నాయనా, ఒక కాయితం నా ఎదురుగా పెట్టు. నా కంట్లో ఉంటే ఎర్రగయితాది గదా."

పెట్టాను. రెప్ప వేయకుండా కొరకొరా చూసింది. కళ్లవెంట నీళ్లు కారుతున్నా చూపు తిప్పలేదు. "బీరతీగ మేసిననాడు చూసినట్ల చూడత్తా!" అని ఎవరో అరిచారు. అట్లాగే చూసింది. కాగితం పసుపుగానే ఉంది.

"ఇప్పుడు ఆయనకీ ఒకటియ్యి," అంది ఆసామిని చూపించి.

జేబులోని పిలకలు నలిపి, నీటిచుక్కలతో కొత్త గొట్టంలో వేసి, కాగితం తగిలించి ఆసామి గుప్పిట్లో పెట్టాను. పరీక్షకు వెచ్చదనం కావాలన్నాను. అది నిజమే. ఆసామి చెయ్యే కావాలని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన ఎందుకైనా మంచిదని కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

గుప్పిట విప్పేసరికి కాగితం ఇటుకరంగు.

"కండ్లు మూసుకున్నా ఆగలేదే!" అన్నాడు తాత. "పొద్దున లేస్తే జీవాలను చూసి మురుస్తాంటివి గదా. నీ కండ్లే తగిలినాయి పో!"

నేను "జొన్న పిలకలు! జొన్న పిలకలు!" అని అరుస్తూనే ఉన్నాను. ఎవరూ వినలేదు. ఆసామిని కూర్చోబెట్టి ఎర్రనీళ్లు తిప్పారు. ఆ తిప్పుడు మధ్యలో ఆయన నా చెవి దగ్గరికి వంగి, "ఆ చేలో ఇంక మేపన్లే సారూ," అన్నాడు.

నేను బండెక్కుతుంటే పెద్దమ్మ వచ్చి ఒక పసుపు కాగితం అడిగింది. నవ్వొచ్చింది నాకు. "ఎందుకు పెద్దమ్మా, ఇంకా ఎవరినైనా చూడాలా?"

"మళ్లీ ఏదన్నా జీవం పడితే, నువ్వొచ్చిందాకా నన్ను ఊర్లో ఉండనిస్తారా నాయనా?"

నా నవ్వు ఆగిపోయింది. పెట్టెలో మిగిలిన కాగితాలన్నీ ఆమె కొంగులో పోశాను. అవేమయ్యాయని ల్యాబులో అడిగితే, వానకు తడిశాయని చెప్పాను. ఆ ఏడు ఆ వైపు చుక్క వాన పడలేదు.