ఆదివారం పది నిమిషాలు

మా బావ ఆ కారు కొన్నప్పుడు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. బావ అంటే మా ఆయనే. మేనత్త కొడుకు కాబట్టి పెళ్లయ్యాక కూడా పిలుపు మారలేదు. పాతికేళ్లు ఓడల్లో ఇంజనీరుగా తిరిగి, దాచినదాంట్లో పెద్ద ముక్క పట్టుకెళ్లి రెండే సీట్లున్న ఎర్ర స్పోర్ట్స్ కారు తెచ్చాడు. అదీ ఎవరో వాడి వదిలేసింది. వన్ టౌన్‌లో మా వీధిలో రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి. అలాంటి వీధికి నేల మీద జానెడు ఎత్తు కూడా లేని బండి! స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా నేను దిగి, వంగి, కింద తగులుతుందేమో చూసి చెప్పాలి.

"ఇంత డబ్బెట్టి నన్ను రోడ్డు మీద నడిపిత్తన్నావేటి బావా?" అనేదాన్ని.

"నడిత్తే ఒంటికి మంచిదే" అని నవ్వేవాడు.

కొన్న ఖర్చుతో అయిపోయిందనుకున్నాను. అది పోషణ అడిగే బండి అని తర్వాత తెలిసింది. తిరిగినా తిరక్కపోయినా ఏటా ఇంజన్ ఆయిల్ మార్చాలి. మామూలు బండికి పోసే ఆయిల్ దానికి పనికిరాదు, హైదరాబాద్ నుంచి తెప్పించాలి. బ్రేక్ ఆయిల్ గాలిలో చెమ్మ పీల్చుకుంటుందట, రెండేళ్లకోసారి తీసేయాలి. పోర్టు పక్కన మా ఇంట్లో డబ్బాలో ఉప్పే నీరు కారుతుంది, ఇక ఆయిల్ సంగతి చెప్పాలా? ఒకసారి గీతైనా అరగని నాలుగు టైర్లు, రబ్బరుకి వయసైపోయిందని పారేయించాడు. ఆ రోజు నిజంగా ఏడ్చాను. ఇవన్నీ బావ ఓడలో రాసినట్టే ఒక పొడుగు పుస్తకంలో రాసుకునేవాడు. ఏ పని ఎప్పుడు, ఎన్ని కిలోమీటర్లకి, ఎన్ని నెలలకి అని.

పోయినేడు వానాకాలంలో స్నానానికి వెళ్లిన మనిషి గుమ్మంలోనే పడిపోయాడు. కుడివైపు మొత్తం పోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి బాగానే ఉందన్నారు డాక్టర్లు. కానీ బావ దాన్ని ఎత్తడు. గ్లాసు అందిస్తే పట్టుకోడు. గోడవైపు తిరిగి పడుకుంటాడు.

"ఆయనే ప్రయత్నం చెయ్యాలమ్మా. ఇలాగే వదిలేస్తే ఆ చెయ్యి కూడా బిగుసుకుపోతుంది" అన్నాడు ఇంటికొచ్చే ఫిజియోథెరపీ ఆయన. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆ చెయ్యి కూడా పోతే ఏం చెయ్యాలో నాకు తోచేది కాదు. బతిమాలాను, తిట్టాను, కాళ్లు పట్టుకున్నాను. ఆయన కళ్లు మూసుకునేవాడు.

బంధువులంతా కారు అమ్మెయ్యమన్నారు. అమ్మేదాన్నే. బ్యాటరీ పాడైతే ధర రాదని ఒక ఆదివారం పొద్దున్న కిందికెళ్లి స్టార్ట్ చేశాను. కారు ఉండే గోడౌన్ మీదే బావ పడుకునే గది. ఆ ఇంజన్ మొదలైతే పై గదిలో కిటికీ అద్దాలు కూడా వణుకుతాయి. పది నిమిషాలకి ఆపబోతుంటే పైనుంచి ఠంగ్ ఠంగ్‌మని చప్పుడు. పరుగెత్తాను. బావ ఎడమ చేత్తో మంచం కమ్మీ మీద కొడుతున్నాడు!

ఆ చెయ్యి పట్టుకుని ఎంత ఏడ్చానో నాకే తెలుసు. సంతోషం. బండి చప్పుడు విని మనిషి లేచాడనుకున్నాను.

ఇక అమ్మకం మాట ఎత్తనివ్వలేదు. పుస్తకం తీసి ఒక్కో పనీ చేయించాను. ఆయిల్, బ్రేక్ ఆయిల్, కొత్త బ్యాటరీ. వంటింటి కప్పు కారుతుంటే కింద గిన్నె పెట్టుకున్నాను గానీ కారుకి లోటు చెయ్యలేదు. ఆదివారం వస్తే చాలు, కింద ఇంజన్, పైన కమ్మీ. వారమంతా ఆ పది నిమిషాల కోసమే బతికేదాన్ని.

మొన్న మద్దిలపాలెం నుంచి మెకానిక్ వచ్చాడు. నాకు తమ్ముడిలాంటివాడు, అక్కా అంటాడు. బానెట్ ఎత్తి చూసి, "వారం వారం స్టార్ట్ సేత్తన్నావా అక్కా? టైమింగ్ బెల్టు మార్సినారా?" అన్నాడు.

"దానికి ముప్పై వేల కిలోమీటర్లు అవ్వాలి కదా? బండి కదిల్తే కదా!"

పుస్తకం అడిగి తీసుకుని, ఆ వరుస మీద వేలు పెట్టాడు. "ముప్పై వేలు, లేపోతే మూడేళ్లు. ఏది ముందొత్తే అది. తిరక్కపోయినా రబ్బరు పాడైపోద్దక్కా. బావ పడిపోయిన నెలే గడువు. ఇప్పుడు బెల్టు తెగిందంటే లోపల వాల్వులన్నీ ఇరిగిపోతాయి, ఇంజనే పోద్ది."

మార్చాలంటే ఇంజన్ మొత్తం కిందికి దించాలట. సామాను విదేశం నుంచి రావాలట. అతను చెప్పిన ఖర్చుతో ఏడాదిన్నర ఫిజియోథెరపీ అవుతుంది. నా వల్ల కాదు.

"బావకి ఈ సంగతి తెల్దేటి?" అన్నాడు. "ఆదివారం ఏటి సేత్తాడు?"

"కమ్మీ మీద కొడతాడు. సంతోషం."

అతను పుస్తకం మూసేశాడు. "సంతోషం కాదక్కా. ఆపీమంతన్నాడు."

పైకెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. "బెల్టు గురించేనా బావా?" అన్నాను. ఆయన కళ్లలోంచి నీళ్లు కారి చెవి మీదకి జారాయి. ఏడాదిగా ఆదివారం ఆదివారం మొత్తుకుంటుంటే, నేను కింద మురిసిపోతూ కూర్చున్నాను. "ఇంక ముట్టుకోను" అని మాటిచ్చాను. ఆయన చాలా రోజులకి నా మొహంలోకి చూశాడు. తర్వాత నిద్రపోయాడు.

మూడు ఆదివారాలు మాట మీద నిలబడ్డాను. ఆ చెయ్యి మళ్లీ లేవలేదు. ఫిజియోథెరపీ ఆయన పైకెత్తి వదిలితే తడిగుడ్డలా పడుతోంది. వేళ్లు లోపలికి ముడుచుకోవడం మొదలైంది. కోపమైనా వస్తుందేమోనని కావాలనే కూరలో ఉప్పు మానేశాను. మొహమైనా చిట్లించకుండా తినేశాడు.

నాలుగో ఆదివారం తాళం తీసుకుని కిందికెళ్లాను. మాటిచ్చింది నేనే. ఆ బండిని ఎంత ప్రాణంగా చూసుకున్నాడో చూసిందీ నేనే. కారులో కూర్చుని చాలాసేపు ఏడ్చి, తాళం తిప్పాను. ఇంజన్ అందుకుంది. చెవులు పైకప్పుకే అప్పగించి కూర్చున్నాను. ఒక నిమిషం ఏమీ లేదు. రెండో నిమిషంలో ఠంగ్‌మంది. మళ్లీ ఠంగ్. ఎప్పుడూ లేనంత గట్టిగా.

"కొట్టు బావా, తిట్టు" అని అరిచి ఇంకాస్త రేజ్ చేశాను.