బెంకమ్మను వెతికిన సుభద్రప్ప

సుభద్రప్ప కన్నుమూశారన్న వార్త గత సోమవారం ఉదయం వార్డులో మందులిస్తుండగా తెలిసింది. మాత్రల పళ్లెం బల్ల మీద పెట్టి గోడకు ఆనుకుని నిలబడిపోయాను. గుండెపోటట. ఒడిశాలోని బరంపురంలో, మా ఆసుపత్రిలో మూడు దశాబ్దాలు నర్సుగా సేవలందించిన ఆ కరుణామయిని అక్క అనే అర్థంలో మేమంతా 'అప్పా' అని పిలిచేవాళ్లం. ఆమె పదవీ విరమణానంతరం రెండేళ్లయినా విశ్రాంతి అనుభవించలేదు.

రిజిస్టర్లు పోయి కంప్యూటర్లు వచ్చేసరికి ఆమెకు యాభై దాటాయి. డ్యూటీ దిగగానే కంప్యూటరు క్లాసుకు వెళ్లి కాలేజీ పిల్లల మధ్య కూర్చుని, ఒంటివేలితో టైపు నేర్చుకున్నారు. ఎవరైనా నవ్వితే, "సూది పట్టిన సెయ్యికి మౌసు ఒక లెక్కేటి?" అనేవారు.

నేను కొత్తగా చేరిన రోజుల్లో గోపాలపూర్ నుంచి వెంకమ్మ అనే మత్స్యకార స్త్రీని తెచ్చారు. చేపముల్లు దిగిన కాలు చీము పట్టి, జ్వరంతో స్పృహ లేదు. వెంట వచ్చిన కోడలికి అత్త పాత జబ్బుల సంగతి తెలియదు. డాక్టరుగారు పెన్సిలిన్ రాశారు. ఆమె పాత రికార్డు కోసం కంప్యూటర్లో వెతికాను, ఏమీ కనబడలేదు. మందు సిరంజిలోకి ఎక్కించాను.

"పాతవి సూసినావేటి?" అన్నారు సుభద్రప్ప.

"చూశానప్పా, లేవు."

"ఏ పేరుతో?"

"వెంకమ్మ."

"ఒడియా గుమస్తా రాస్తే 'వ' కాస్తా 'బ' అయిపోయి బెంకమ్మ అవుద్దే! 'బ'తో కొట్టి సూడు."

కొట్టగానే ఒక బెంకమ్మ కనబడింది. ఆమెకు పెన్సిలిన్ పడదని, ఒకసారి గొంతు వాచి ఊపిరాడలేదని ఎర్ర అక్షరాల్లో ఉంది. సిరంజి పక్కన పెట్టేశాను.

"పేరు కలిసిందని నమ్మెయ్యకు. ఊరు, వయసు, మొగుడి పేరు అడుగు." కోడలు చెప్పినవన్నీ సరిపోయాయి.

"ఎల్లు, డాక్టరుగారికి నువ్వే సెప్పు. నానూ వస్తాను."

ఏడుస్తూనే చెప్పాను. ఆయన మందు మార్చారు. సుభద్రప్ప నా పక్కనే నిలబడ్డారు. ఒక్క పరుషవాక్యం అనలేదు. పదిరోజులకు వెంకమ్మ నడిచి ఇంటికి వెళ్లింది.

పోయిన నెల సుభద్రప్ప ఇంటికి వెళ్లి, కొత్త నర్సులకు కంప్యూటరు ఎంత చెప్పినా ఎక్కడం లేదని వాపోయాను. "కసురుకోకమ్మా. పక్కన కుర్సీ ఏసుకుని కూకో. అదే వస్తాది," అన్నారు. నాతో ఆమె పలికిన చివరి మాట అదే అయింది.

అప్పా, మీ పక్కన కూర్చుని నేర్చుకోవలసింది నాకింకా ఎంతో మిగిలిపోయింది. మా వార్డుకు మీ వంటి పెద్దదిక్కు మళ్లీ దొరకదు. మీ పాదాలకు అశ్రుపూరిత ప్రణామం.