స్వప్న సొంతంగా రాసిన జవాబు

మా ముత్తాత పానగల్ వైపు దేశ్‌ముఖ్, గడీ అనే కోటలాంటి ఇంట్లోంచి ఊరిని ఏలిన దొర. మా తాత ఎదుట ఊళ్లో ఎవరూ కూర్చునేవారు కాదు. 2019లో నేను నల్గొండలో ఒక కోచింగ్ సెంటర్‌లో జావా నేర్పేవాణ్ణి. విద్యార్థులు కూర్చునేవారు, నేను నిలబడేవాణ్ణి.

ఆ వేసవిలో స్వప్న అనే అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. నార్కట్‌పల్లి దగ్గర గొర్రెలు కాసే మల్లేశం కూతురు. మర్నాడు మా సెంటర్‌లోనే ఒక కంపెనీ ఆన్‌లైన్ పరీక్ష. ఈసారి ఉద్యోగం రాకపోతే చదువు చాలించమని ఇంట్లో చెప్పేశారు.

ఆమెకు అంతుపట్టనిది ఈనమ్ మెథడ్. ఈనమ్ అంటే ముందే ఖాయం చేసిన పేర్ల వరుస. కొత్త పేరు అందులోకి దూరదు. మెథడ్ అంటే ఆ పేర్లకు మనం అప్పగించే పని. ఆమె చేస్తున్న లెక్కలో సిగ్నల్ దీపాలు మూడు, ఒకదాని తర్వాత ఏది వెలగాలో ప్రోగ్రామ్ చెప్పాలి. ఆమె ఈనమ్‌ను ఉత్త పేర్లతో వదిలేసి, బయట 'ఇదైతే అది' అనే ఇఫ్‌ల మీద ఇఫ్‌లు పేర్చింది.

"జర మీరే రాసియ్యున్రి సార్."

"రేపు పరీక్షకు నేనొచ్చి కూసుంటనా? ఎర్ర దీపం తర్వాత ఏది ఎలగాల్నో ఎవరు చెప్పాలె?"

"నేనే."

"నువ్వెందుకు? ఎర్రదాన్నే అడుగు. జవాబు దాని కడుపుల పెట్టు."

నవ్వింది. "మా నాయిన గట్లనే సార్. మేత సంగతి మమ్ముల అడుగడు, గొర్రెనే అడుగుతడు."

"గొర్రె చెప్తదా?"

"మాకు చెప్పది. ఆయనకు చెప్తది."

తన ల్యాప్‌టాప్‌లో ఇఫ్‌లన్నీ చెరిపేసి, మెథడ్‌ను ఈనమ్ లోపల తనే రాసింది. ప్రోగ్రామ్ నడిచింది.

మర్నాడు పరీక్ష సాగుతుండగానే సెంటర్ యజమాని జవాబులన్నీ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఫలితాల ఫ్లెక్సీ నిండాలి కదా. స్వప్న ఫోన్ తెచ్చి నా చేతికిచ్చింది.

"మీ తాన ఉంచుకోన్రి సార్. చెయ్యి దాని దిక్కే గుంజుతాంది."

కంపెనీవాళ్లు ఒకే తీరు జవాబులు చూసి, మా సెంటర్‌లో రాసినవాళ్లందరినీ తీసేశారు. నేను యజమాని గదికి వెళ్లాను.

"ఆ పిల్ల సొంతంగ రాసింది. కంపెనీకి ఆ ముక్క మెయిల్ పెట్టు."

"పెడితే మిగిలినోళ్లు కాపీ కొట్టిన్రని నేనే ఒప్పుకున్నట్టు గాదా? హుకుం చెయ్యనీకె ఇది మీ గడీ కాదు దొరా."

ఆ రోజే ఉద్యోగం మానేశాను. కంపెనీకి నేనే రాశాను. బదులు రాలేదు.

ఇప్పుడు వేరేచోట ఈనమ్‌లు నేర్పుతున్నాను. మనిషిని చూసే తీరిక లేనివాళ్లు, అతను ఏ గుంపులో ఉన్నాడో చూసి తీర్పు చెప్పేస్తారు. మా వంశం విషయంలో అది చూసిందే. ఏ తప్పూ లేని పిల్ల విషయంలోనూ చూశాను.

కంపెనీ స్వప్నను తీసేసిన ఆ వారంలోనే మల్లేశం కూతురి ల్యాప్‌టాప్‌ను అమ్మేశాడు.