దొర కొలత, ఎల్లయ్య భుజం

1938లో నా దుకాణం కామారెడ్డి రైల్వే స్టేషన్ దగ్గర ఉండేది. వేట తుపాకులకు కుందాలు చెక్కేవాణ్ణి. కుందా అంటే భుజానికి ఆనించే కట్టె. పెద్ద గుండు రైఫిల్ పేలితే వెనక్కి తన్నుతుంది, దాన్నే రీకాయిల్ అంటారు. కుందా మనిషికి సరిపోకపోతే ఆ తన్ను భుజాన్ని వదిలి మొహాన్ని పట్టుకుంటుంది. అప్పటికి నాకు అక్షరం రాదు. ఒక్కో మనిషి కొలత ఒక్కో వెదురుబద్ద మీద గాటు పెట్టుకునేవాణ్ణి.

ఆ ఎండాకాలం ఎల్లారెడ్డి వైపు దొర ఒకాయన బోల్ట్ రైఫిల్ తెచ్చాడు. గొళ్లెం లాంటి బోల్టును లాగి తోస్తేనే రెండో తూటా ఎక్కే రకం. దొరది లావు ఒళ్లు, పొట్టి చేతులు.

"చారీ, కుందా రెండు వేళ్లు కోసెయ్. పట్నం నుంచి పెద్ద సాబులు వస్తున్రు. పోచారం అడవిల పులిని వాళ్ల ముంగట నేనే కొట్టాలె."

వెనక ఆయన వేటగాడు ఎల్లయ్య నిలబడి ఉన్నాడు. తాటిచెట్టంత మనిషి. మా దిక్కు అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ పైకి అనరు: పులి కనబడగానే తుపాకి ఎల్లయ్య చేతికి వస్తుంది, పులి పడగానే దొర చేతికి పోతుంది.

దొర గంజ్ బజారు వైపు వెళ్లాక ఎల్లయ్య నోరు విప్పాడు.

"చారన్నా, రెండు వేళ్లు కోస్తే నా మొహం చేతి మీదికి వస్తది, పేలితే నా బొటనవేలే నా ముక్కు పలగ్గొడ్తది."

"దొరకు చెప్పరాదు?"

"ఏమని? కాల్చేది నేనే అనా?"

ముక్కు పోతే పోయింది. కానీ ఆ పులికి అప్పటికే ఎవరిదో గుండు తగిలి కుంటుతోంది. మొదటి దెబ్బకు పడకపోతే మీదికి వస్తుంది. కళ్లలో నీళ్లు తిరిగిన మనిషి బోల్టు లాగి రెండోది కొట్టలేడు.

"ఇంట్ల ఎవరున్నరు?"

"ఎవ్వలు లేరు. అందుకే నన్ను పంపుతడు," అని నవ్వాడు.

కుందా దొర చెప్పినట్టే కోశాను. కోసినంత మందాన ఇంకో కట్టె చెక్కి, తోలు తొడుగులో కుట్టి, కుందా చివర బిగించి, మళ్లీ విప్పేట్టు చేశాను. ఎల్లయ్యను కళ్లు మూసుకుని తుపాకి భుజానికెత్తమన్నాను. తెరవగానే గురి తిన్నగా కంటికి అందాలి. అందేదాకా చెక్కాను.

దొర తొడుగు చూసి "ఇదేందిరా?" అన్నాడు.

"మంచెకు తాకి కట్టె చెడకుండ, దొరా."

"మంచి ఉపాయం చేసినవ్."

పులి పడింది. సాబులు వేరే మంచె మీద ఉన్నారట, ఎవరు కాల్చిందీ చూడలేదు. తొడుగు విప్పేసి ఫొటో దిగారు. దొర కాలు పులి మీద ఉంది. ఎల్లయ్య ఫొటోలో లేడు.

వానలు పడ్డాక ఎల్లయ్య ఒక్కడే నడిచి వచ్చాడు. చేతిలో తుపాకి లేదు, నాతో పనీ లేదు. గడప మీద కూర్చున్నాడు.

"మొదటిది తొడకు తాకింది అన్నా. మీదికే ఉరికొచ్చింది. రెండోది..." ఆగి, తన రెండు కళ్ల నడుమ వేలు పెట్టి చూపించాడు. "ఎవ్వలకు చెప్పలే. చెప్తే వీపు మీద తోలుండదు. నీకైతే ఎట్లైనా ఎరుకే గద."

"ఎరుకే. మొదటి నుంచి చెప్పు."

ఉలి పక్కన పెట్టాను. పొద్దు వాలేదాకా చెప్పాడు. లేచి, దుమ్ము దులుపుకుని పోయాడు. మళ్లీ ఎప్పుడూ రాలేదు.

తర్వాత ఎవరు తుపాకి తెచ్చినా, కాల్చేది ఎవరని ముందే అడిగేవాణ్ణి. కొందరికి కోపం వచ్చేది, రానీ. ఎవరికి కొలవాలో తెలియకుండా కట్టె ముట్టకూడదు.

దొర పోయాడు. ఎల్లయ్యా పోయాడు, అతని తరఫున మాట్లాడేవాళ్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. నేనింకా ఉన్నాను కాబట్టి చెప్తున్నాను: ఆ పులిని కొట్టింది ఎల్లయ్య.