ఇద్దరు నేసిన పెండ్లి చీర

గ్రంథాలయంలో మా ఊరి చీరల గురించి దొరికిన పుస్తకాలన్నీ చదివిన. ఈ చీర గురించి ఎందులోనూ లేదు. అందుకే రాస్తున్న.

మా వాడకట్టులో చీరలు నేసే ఒక తాత చనిపోయినప్పుడు ఆయన మగ్గం మీద మనుమరాలి పెండ్లి చీర సగంలో ఆగింది. చేయి మారితే నేతలో గీత పడుతుందని కొడుకులు ముట్టుకోను భయపడ్డరు. అప్పుడు పక్కింటి అవ్వ వచ్చి మగ్గంలో కూర్చున్నది. ఎవరి మగ్గం కాడ వాళ్లు కూర్చొని, గోడకు అటూ ఇటూ జీవితమంతా ఎకసెక్కాలు ఆడుకున్నోళ్లే వాళ్లిద్దరూ.

"ముసలోడు మగ్గం కొట్టే దెబ్బ గోడ అవతల నుంచి ఇన్నేండ్లు విన్న. గా దెబ్బ నాకు రాదా?" అన్నది. నేస్తూ నేస్తూ లేని మనిషిని తిట్టింది: "జర మెల్లగ కొట్టు ముసలోడా అంటే ఇన్నవా? గిప్పుడు నా రెక్కలు గుంజుతున్నయ్!"

పెండ్లిలో ఆడోళ్లంతా చీర తడిమి చూసిన్రు. గీత దొరకలేదు. అవ్వ నవ్వుకుంటూ ఇంకో లడ్డు అడిగి తిన్నది.

మొన్న ఆమె కూడా పోయింది. ఆయన నేత ఎక్కడ ఆగిందో, ఆమెది ఎక్కడ మొదలైందో ఇక చెప్పేటోళ్లు లేరు. ఇద్దరు నేసిన్రన్న మాటన్నా కాయితం మీద ఉండాలె. చీర మళ్లీ విప్పి చూపించిన మనుమరాలికి, అవ్వ మాటలు గుర్తుచేసిన ఆమె కోడలికి, రాసుకోను కిటికీ కాడ జాగా ఇచ్చిన గ్రంథాలయం కాకకు దండాలు.